రన్ బటన్ లేని పరీక్ష: ప్రాక్టీస్ టెస్టులతో నా ప్రిపరేషన్

2025 మేలో నేను ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ పరీక్ష రాశాను. అమెరికాలో హైస్కూల్ పిల్లలు కాలేజీ స్థాయి సబ్జెక్టును ముందుగానే చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో ఇదొకటి. కాలేజ్ బోర్డు అనే సంస్థ నిర్వహిస్తుంది. కోడ్ రాయాల్సిన ప్రోగ్రామింగ్ భాష జావా. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకు క్రెడిట్ ఇస్తాయి. మా పేపర్ మూడు గంటలు: మొదటి గంటన్నరలో 40 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, తర్వాతి గంటన్నరలో కోడ్ రాయాల్సిన 4 పెద్ద ప్రశ్నలు. రెండింటికీ చెరి సగం వెయిటేజీ. ఆ పెద్ద ప్రశ్నల్ని అందరూ ఎఫ్ఆర్‌క్యూలు (ఫ్రీ రెస్పాన్స్ క్వశ్చన్లు) అంటారు, నేనూ అలాగే రాస్తాను.

ఏడాదంతా క్లాసులో కోడ్ రాసిన తీరు వేరు, ఈ పరీక్ష అడిగే తీరు వేరు. క్లాసులో ఎడిటర్ తోడుంటుంది. బ్రాకెట్ మర్చిపోతే ఎర్ర గీత గీస్తుంది, మెథడ్ (ఒక పని చేసే, పేరున్న కోడ్ ముక్క) పేరు సగం కొట్టగానే మిగతా సగం తనే చూపిస్తుంది. అనుమానం వస్తే రన్ నొక్కి చూసుకోవచ్చు. పరీక్ష కూడా ల్యాప్‌టాప్ మీదే, బ్లూబుక్ అనే యాప్‌లో జరుగుతుంది. కోడ్ టైప్ చేస్తాం కూడా. కానీ అందులో కోడ్‌లో తప్పులు పట్టి చెప్పే కంపైలర్ ఉండదు, రన్ బటన్ ఉండదు. రాసింది పనిచేస్తుందో లేదో మనమే తలలో నడిపించి చూసుకోవాలి.

ప్రాక్టీస్ టెస్టులు కావాల్సింది ఈ తేడా కోసమే అని నా నమ్మకం. సబ్జెక్టు నేర్చుకోవడానికి అవి పెద్దగా పనికిరావు. దానికి క్లాసు ఉంది, హోంవర్కు ఉంది, సొంతంగా రాసుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. మెషీన్ సాయం లేకుండా కోడ్ చదవడం, రాయడం మాత్రం నాకు టెస్టుల వల్లే అబ్బింది.

మొదటి టెస్టు టైమర్ పెట్టుకుని, మధ్యలో లేవకుండా, మూడు గంటలూ ఒకే బిగిన రాశాను. సిలబస్ పూర్తయ్యే దాకా ఆగలేదు. అప్పటికి రికర్షన్ (మెథడ్ తనను తానే పిలుచుకోవడం) మొదలే కాలేదు. అయినా రాయాలనిపించింది, ఎందుకంటే పేపర్ ఎలా ఉంటుందో తెలియకుండా నెలల తరబడి చదవడంలో అర్థం కనిపించలేదు. ఆ టెస్టులో మార్కులు ఎక్కువగా పోయింది రాని టాపిక్‌లలో కాదు. బాగా వచ్చు అనుకున్న లూపుల్లో (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్), స్ట్రింగుల్లో (అక్షరాల వరసలు). క్లాసులో ఇవన్నీ నాకు కొట్టిన పిండే. కానీ అక్కడ ప్రతిసారీ మెషీన్ చివరి మాట చెప్పేది. అది లేకపోయేసరికి లెక్క ఒకటి అటో ఇటో అయిపోయింది.

అందుకే ముందుగా ట్రేసింగ్ మీద, అంటే కోడ్‌ను లైను లైనుగా మనమే నడిపించి చూడటం మీద పడ్డాను. కాగితం మీద పట్టిక గీయడం. ఒక్కో వేరియబుల్‌కు ఒక నిలువు గడి, లూపు ఒక్కో చుట్టుకు ఒక అడ్డ వరుస. విలువ మారిన ప్రతిసారీ కింద రాసుకుంటూ పోవడమే. చూడటానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది, కానీ దీన్ని మించిన పద్ధతి నాకు దొరకలేదు. ఉదాహరణకు బయటి లూపులో ఐ విలువ 0 నుంచి 4 దాకా వెళ్తుంది. లోపలి లూపులో జె విలువ ఐ దగ్గర మొదలై 4 దాకా వెళ్తుంది. లోపలి లైను ఎన్నిసార్లు నడుస్తుంది? మొదటి చుట్టులో 5, తర్వాత 4, 3, 2, 1. మొత్తం 15. అదే జె గనక ఐ ప్లస్ 1 దగ్గర మొదలైతే 4, 3, 2, 1, మొత్తం 10. ఆప్షన్లలో 15 ఉంటుంది, 10 ఉంటుంది, తొందరపడి అయిదును అయిదుతో గుణించేవాళ్ళ కోసం 25 కూడా ఉంటుంది. పిల్లలు ఎక్కడెక్కడ తడబడతారో తెలిసినవాళ్ళే ఆప్షన్లు తయారుచేస్తారు. మనకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన అది ఒప్పని సంబరపడకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంకో ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. పాచిక వేసినట్టు 1 నుంచి 6 దాకా ఏదో ఒక అంకె రావాలి. జావాలో మ్యాథ్ డాట్ ర్యాండమ్ 0 నుంచి 1 లోపు దశాంశ సంఖ్య ఇస్తుంది, 1 మాత్రం ఎప్పుడూ రాదు. దాన్ని 6తో గుణించి, ఇంట్‌గా (దశాంశం కోసేసిన పూర్ణ సంఖ్యగా) మార్చి, 1 కలిపితే సరిపోతుంది. ఆప్షన్లలో రెండు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒకదాంట్లో గుణకారం మొత్తానికీ బ్రాకెట్ ఉంది, రెండోదాంట్లో లేదు. బ్రాకెట్ లేకపోతే ఇంట్‌గా మార్చడమే ముందు జరిగిపోతుంది. 0 నుంచి 1 లోపు ఉన్న ఏ సంఖ్యనైనా ఇంట్‌గా మారిస్తే 0 అవుతుంది. సున్నాను 6తో గుణిస్తే సున్నా, దానికి 1 కలిపితే 1. అంటే ఎన్నిసార్లు వేసినా ఆ పాచిక మీద 1 తప్ప ఇంకోటి పడదు. ఈ ఒక్క ప్రశ్నతో టైప్ కాస్టింగ్ (ఇలా ఒక రకం విలువను ఇంకో రకంగా మార్చడం) గురించి అప్పటిదాకా చదివినదంతా స్థిరపడింది.

టెస్టు రాసిన రోజు కంటే దాన్ని తిరగేసిన రోజుల్లోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను. ఒక నోట్‌బుక్ పెట్టి, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ ఏ చాప్టరో కాకుండా ఎందుకు పోయిందో రాసేదాన్ని. ప్రశ్న సరిగా చదవలేదా, ట్రేసింగ్‌లో జారిందా, విషయమే తెలియదా, టైము చాలక ఊహించి పెట్టానా. జవాబు ఒప్పయినా ఊహించి పెట్టినదైతే దాన్నీ తప్పుల లెక్కలోనే వేశాను. ఇలా చేయడం వల్ల ఒక సంగతి బయటపడింది. విషయం తెలియక పోయినవి అనుకున్నదానికంటే తక్కువ. చదవడంలో పోయినవే ఎక్కువ. ముఖ్యంగా "కిందివాటిలో ఏది పనిచేయదు" అని అడిగే ప్రశ్నల్లో. అలాంటివి కనిపించగానే "పనిచేయదు" అనే మాటను చిత్తు కాగితం మీద రాసి సున్నా చుట్టడం అలవాటు చేసుకున్నాను.

ఒక టెస్టు పూర్తిగా తిరగేయకుండా రెండోది ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. మా క్లాసులో కొందరు వరసగా టెస్టుల మీద టెస్టులు రాసేవాళ్ళు. స్కోరు కదలడం లేదని టెన్షన్ పడేవాళ్ళు. కదలదు మరి. అవే పొరపాట్లు మళ్ళీ మళ్ళీ చేయడానికి అదొక సాధన అయిపోతుంది. అలాగే రాసిన టెస్టునే కొన్నాళ్ళకు మళ్ళీ రాస్తే స్కోరు పెరుగుతుంది, కానీ అందులో సగం జ్ఞాపకశక్తి పనే. అందుకే ఈమధ్య సంవత్సరాల ప్రశ్నల్ని చివరి వారాల కోసం ముట్టుకోకుండా దాచుకున్నాను.

టెస్టులు ఎక్కడ దొరుకుతాయన్నది చాలామంది అడుగుతారు. పాత ఎఫ్ఆర్‌క్యూలను కాలేజ్ బోర్డే తన ఏపీ సెంట్రల్ సైట్‌లో ఉచితంగా పెడుతుంది. వాటితో పాటు మార్కులు ఎలా వేయాలో చెప్పే స్కోరింగ్ గైడ్‌లైన్స్, పిల్లలు రాసిన నమూనా జవాబులు కూడా ఉంటాయి. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు అంత సులువుగా దొరకవు. కాలేజ్ బోర్డు ఆన్‌లైన్ సైట్ ఏపీ క్లాస్‌రూమ్‌లో ఉన్నవాటిని టీచర్ తెరిస్తేనే మనకు కనిపిస్తాయి. కాబట్టి మొహమాటపడకుండా అడగాలి, మా టీచర్‌ను అడిగితే సంతోషంగా తెరిచారు. కోర్సు వివరాల పుస్తకంలో కొన్ని నమూనా ప్రశ్నలుంటాయి. బజారులో దొరికే గైడ్‌లు కూడా వాడాను. వాటిలో మల్టిపుల్ చాయిస్ పరవాలేదు, కానీ కొన్ని అసలు పరీక్షలో ఎప్పుడూ అడగనంత మెలికలతో ఉంటాయి. అవి పోతే బెంగపడాల్సిన పని లేదు. ఎఫ్ఆర్‌క్యూలకు మాత్రం అసలైన పాత పేపర్లకు సాటి వచ్చేవి లేవు.

ఎఫ్ఆర్‌క్యూల దగ్గర నాకు మా అక్క దొరకడం అదృష్టం. తను కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతోంది. నేను రాసినదాన్ని స్కోరింగ్ గైడ్‌లైన్స్ పక్కన పెట్టుకుని తను దిద్దేది. నేను "అక్కా, నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెడితే, "నీ ఉద్దేశం నాకెందుకే, ఇక్కడ రాసింది ఏముందో అదే చూస్తా" అనేది. పరీక్షలో దిద్దేవాళ్ళూ అంతే కదా. మన పని మనమే దిద్దుకుంటే రాయనిది కూడా రాసినట్టే కనిపిస్తుంది. తోబుట్టువులు లేకపోతే క్లాస్‌మేట్‌తో పేపర్లు మార్చుకున్నా చాలు.

అక్క దిద్దినవాటిలో 2019 రెండో ప్రశ్న స్టెప్‌ట్రాకర్ నాకు బాగా పనికొచ్చింది. రోజుకు ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెట్టే క్లాసు (జావాలో డేటానూ దానిమీద పనిచేసే మెథడ్లనూ కలిపి పెట్టే కోడ్) మొత్తం మనమే రాయాలి. కనీసం ఎన్ని అడుగులు నడిస్తే చురుకైన రోజుగా లెక్కించాలో కన్‌స్ట్రక్టర్‌కు (మొదట్లో విలువలు పెట్టే కోడ్‌కు) ఇస్తారు. ఒక మెథడ్ ఆ రోజు అడుగుల్ని చేర్చుకుంటుంది, ఒకటి చురుకైన రోజులెన్నో చెప్తుంది, ఇంకొకటి సగటు ఇస్తుంది. తేలికే అనిపిస్తుంది. కానీ ప్రశ్నలో ఇచ్చిన పట్టికను చివరిదాకా చూడాలి. 9000, 5000, 13000, 23000, 1111 అడుగులు చేర్చాక సగటు 10222.2 రావాలి. మొత్తం అడుగులు, రోజులు రెండూ ఇంట్‌లుగా పెట్టుకుని నేరుగా భాగిస్తే జావా దశాంశాన్ని కోసేస్తుంది, 10222.0 వస్తుంది. పట్టికలో ముందున్న సగటులు 7000.0, 9000.0. అవి పూర్ణ సంఖ్యలు కాబట్టి అక్కడిదాకా ఈ లోపం కనబడదు. పైగా ఒక్క రోజు కూడా చేర్చకముందే సగటు అడిగితే 0.0 రావాలి, అంటే సున్నాతో భాగించకుండా ముందే చూసుకోవాలి. అప్పటినుంచి ఏ ఎఫ్ఆర్‌క్యూ అయినా రాయడం అయ్యాక, ప్రశ్నలోని ఉదాహరణలన్నీ నా కోడ్‌తో కాగితం మీద నడిపించి చూసేదాన్ని. చివరి ఉదాహరణను తప్పకుండా.

2023 మూడో ప్రశ్న వెదర్‌డేటా కూడా అలాంటిదే. ఉష్ణోగ్రతల అర్రేలిస్ట్‌లోంచి (పెరగగల, తరగగల జావా లిస్టు) హద్దులు దాటిన విలువల్ని తీసేయాలి. ముందు నుంచి ఒక్కొక్కటీ చూస్తూ తీసేస్తూ పోతే ఏమవుతుందో చిన్న లిస్టుతో చూడండి: 5, 8, 8, 3. ఇందులో 8లు తీసేయాలి. స్థానాలు 0 నుంచి మొదలవుతాయి కదా. స్థానం 1లో 8 ఉంది, తీసేశాం. వెంటనే రెండో 8 జరిగి స్థానం 1లోకి వచ్చేస్తుంది. కానీ లూపు మాత్రం స్థానం 2కి వెళ్ళిపోయింది, అక్కడ 3 ఉంది. పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఒకటి తప్పించుకుంది. చివర నుంచి వెనక్కి నడిస్తే ఈ గొడవే ఉండదు. లేదా ఏదీ తీసేయనప్పుడు మాత్రమే ముందుకు జరగాలి. నాకు వెనక్కి నడవడమే నచ్చింది, లిస్టులోంచి తీసేయమని అడిగితే చెయ్యి దానంతటదే అలా రాసేది.

స్కోరింగ్ గైడ్‌లైన్స్ చదవడం వల్ల భయం కూడా చాలా తగ్గింది. మా పేపర్లో ఒక్కో ఎఫ్ఆర్‌క్యూకు 9 పాయింట్లు. మొత్తం పనిచేస్తేనే పాయింట్లు అనే పద్ధతి కాదు. లిస్టులో అన్ని ఎలిమెంట్లూ హద్దు దాటకుండా చూశారా, దానికో పాయింటు. సరిగ్గా పోల్చారా, దానికో పాయింటు. ఉద్దేశం స్పష్టంగా ఉంటే సెమికోలన్ పోయినా, లెంగ్త్ అనాల్సిన చోట సైజ్ అన్నా తగ్గించరు. అర్రేకు (సైజు మారని లిస్టుకు) వాడే చతురస్రపు బ్రాకెట్లను అర్రేలిస్ట్‌కు వాడితే మాత్రం ఒక పాయింటు పోతుంది. అడగని ప్రింట్ పెట్టినా పోతుంది. ఇది తెలిశాక, రానిదాన్ని ఖాళీగా వదిలేయకుండా కనీసం లూపు రాసి, రిటర్న్ రాసి వచ్చేదాన్ని.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా పేపర్ దాకా చాలా ఎఫ్ఆర్‌క్యూల్లో రెండు భాగాలుండేవి, చాలాసార్లు రెండో భాగంలో మొదటి భాగపు మెథడ్‌ను వాడమనేవాళ్ళు. 2023 మొదటి ప్రశ్న అపాయింట్‌మెంట్‌బుక్‌లో, ఖాళీ సమయం వెతికే మెథడ్ మొదటి భాగం, దాన్ని వాడి అపాయింట్‌మెంట్ పెట్టడం రెండో భాగం. మొదటిది మనకు సరిగా రాకపోయినా సరే, అది పనిచేస్తుందని అనుకునే రెండోది రాయమని పేపర్లోనే ఉంటుంది. దాన్ని పిలవకుండా అదే లాజిక్ మళ్ళీ రాస్తే టైమూ పోతుంది, పాయింట్లూ పోతాయి. మా క్లాసులో బాగా కోడ్ రాసేవాళ్ళే ఇక్కడ దెబ్బతినేవాళ్ళు, మొదటి భాగం కుదరలేదని రెండోది ముట్టుకోకుండా వదిలేసి.

టైము సంగతికి వస్తే, 90 నిమిషాలకు 40 ప్రశ్నలంటే ఒక్కోదానికి రెండుంబావు నిమిషాలు. కొన్నిటికి అరనిమిషం చాలు. మూడు కోడ్ ముక్కలిచ్చి ఏవేవి సరైన ఫలితం ఇస్తాయో అడిగేవి మాత్రం నిమిషాలు మింగేస్తాయి. వాటికి గుర్తు పెట్టుకుని చివర్లో చూసేదాన్ని. తప్పు జవాబుకు మార్కులు తగ్గించే పద్ధతి 2011లోనే పోయింది, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. ఎఫ్ఆర్‌క్యూలు ఒక్కోదానికి సుమారు 22 నిమిషాలు. క్లాసు రాసే రెండో ప్రశ్న నాకు బాగా వచ్చు గనక ముందు దాన్నే ముగించేదాన్ని.

2024 దాకా ఎఫ్ఆర్‌క్యూలను చేత్తో బుక్‌లెట్‌లో రాసేవాళ్ళు, 2025లో టైపింగ్‌కు మారింది. కాబట్టి చివరి నెలలో కోడ్ ఎడిటర్ మానేసి, రంగులూ సలహాలూ లేని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో ప్రాక్టీస్ చేశాను. బ్లూబుక్‌లోనే ఉండే టెస్ట్ ప్రివ్యూ కూడా ఒకసారి చేయాలి, స్క్రీన్ మీద ఏది ఎక్కడుందో ముందే తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. పరీక్షలో జావా క్విక్ రిఫరెన్స్ అనే ఒక చిన్న పట్టిక ఇస్తారు. సబ్‌స్ట్రింగ్, ఇండెక్స్‌ఆఫ్, అర్రేలిస్ట్ మెథడ్లు అన్నీ అందులో ఉంటాయి. ప్రాక్టీస్‌లోనూ దాన్ని పక్కన పెట్టుకుని రాస్తే ఏది బట్టీ పట్టాలో, ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఇంకో ప్రాక్టీస్ టెస్టులాగే గడిచింది. రెండో ఎఫ్ఆర్‌క్యూ సైన్డ్‌టెక్స్ట్, ఆ తర్వాత అందరికీ విడుదల చేశారు కాబట్టి చెప్తున్నా. పేర్లు తీసుకుని సంతకం తయారుచేసే క్లాసు రాయాలి. మొదటి పేరు ఖాళీ స్ట్రింగ్ అయితే ఏం చేయాలన్నది అందులో కీలకం. స్టెప్‌ట్రాకర్‌లో రోజులు సున్నా అయితే ఏం చేయాలన్న ప్రశ్నకు ఇది అన్నదమ్ముల వరసే. దాన్ని చూడగానే ధైర్యం వచ్చింది. జూలైలో 5 వచ్చింది.

నా తర్వాత రాసేవాళ్ళకు పేపర్ మారింది, పాత టెస్టులు తీసేటప్పుడు చూసుకోండి. 2026 నుంచి మల్టిపుల్ చాయిస్ 42 ప్రశ్నలు, వాటి వెయిటేజీ 55 శాతం. మాకు అయిదు ఆప్షన్లుండేవి, ఇప్పుడు నాలుగే. ఎఫ్ఆర్‌క్యూలు నాలుగే కానీ అన్నిటికీ ఒకే పాయింట్లు ఉండవు. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు ఇంకో క్లాసులో ఉన్నవాటిని అందిపుచ్చుకోవడం) సిలబస్‌లోంచి పోయింది. రికర్షన్‌ను ట్రేస్ చేయగలిగితే చాలు, రాయక్కర్లేదు. టెక్స్ట్ ఫైల్ నుంచి డేటా చదవడం కొత్తగా చేరింది, పాత పేపర్లలో అది దొరకదు గనక కోర్సు వివరాల పుస్తకంలోని నమూనాలే దిక్కు. 2014 దాకా వచ్చిన పేపర్లలో గ్రిడ్‌వరల్డ్ అనే, ఇప్పుడు సిలబస్‌లో లేని ప్రోగ్రాం మీద ప్రశ్నలుంటాయి, వాటి జోలికి పోవద్దు. 2022లో రెండో ప్రశ్న టెక్స్ట్‌బుక్ పూర్తిగా ఇన్‌హెరిటెన్స్ మీదే ఉంది, అదొక్కటీ వదిలేసి ఆ పేపర్లోని మిగతా మూడూ టైమర్ పెట్టుకుని రాయండి.